పోస్టింగ్ ఇచ్చారు సరే, ఇల్లెవరిస్తారు?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను తిరుపతిలో ఉంటాను. హెడ్మాస్టరుగా రిటైరై నాలుగేళ్లయింది. మీ పేపరు ముప్పై ఏళ్లకు పైగా చదువుతున్నా ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాయించింది ఒక పేపర్ గ్లాసు. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్ల నాన్న ఆటో తోలతాడు, అమ్మ ఒక లాడ్జిలో గదులు శుభ్రం చేస్తుంది. ఎస్సీలు. అమ్మాయి కార్వేటినగరం డైట్‌లో (టీచర్ ట్రైనింగ్ కాలేజీ) చదివి, మూడేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో చాలీచాలని జీతానికి పనిచేస్తూనే ప్రిపేరై, 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీగా, అంటే చిన్న క్లాసుల టీచరుగా సెలెక్టయింది. ఆ రోజు వాళ్ల నాన్న వీధి మొత్తానికి లడ్డూలు పంచాడు (కొండ మీది లడ్డూ కాదు, స్వీట్ షాపువే, అయినా ఎవరూ తేడా చూడలేదు). పోస్టింగ్ పడమటి మండలాల్లో ఒక పల్లెకు పడింది. ఇద్దరు టీచర్ల బడి, ముప్పై మంది లోపు పిలకాయలు. ఊరి పేరు రాయను, ఆ అమ్మాయి ఇంకా అక్కడే పని చెయ్యాలి.

మొదట ఇల్లు వెతికారు. నాన్నా కూతురూ ఇద్దరూ పోయారు. మొదటి ఇంటావిడ బాగా మాట్లాడింది, కుళాయి తిప్పి చూపించింది, నీళ్లకు కొదవ లేదంది, అడ్వాన్సు చెప్పింది, కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది. ఆ తర్వాత "మీ ఇంటిపేరేంది మేడమ్?" అని అడిగింది. చెప్పారు. "ఓహో, మీది ఏ ఊరు, ఆ ఊళ్లో ఏ వీధి?" అంది. అదీ చెప్పారు. లోపలికి పోయి ఆయనతో ఏదో మాట్లాడి వచ్చి, "మా అబ్బోడు బెంగుళూరు నుంచి వచ్చేస్తున్నాడంట మేడమ్, ఇల్లు వాడికే కావాల" అంది. రెండో ఇంట్లోనూ అంతే, మూడో ఇంట్లోనూ అంతే, నాలుగో ఇంట్లో కొడుకు లేడు కాబట్టి అల్లుడొస్తున్నాడు. ఒక్క వారంలో ఒక్క పల్లెకు ఇంతమంది బెంగుళూరు నుంచి తిరిగొస్తున్నారంటే ఆ ఊరు బాగుపడినట్టే! ఎస్సీ కాలనీలో ఉందామంటే అక్కడ అద్దెకిచ్చే ఇల్లే లేదు, ఉన్న రెండు గదుల్లో వాళ్లే ఆరుగురు.

చివరికి పాతిక కిలోమీటర్ల అవతల ఉన్న టౌన్లో ఇంకో ఇద్దరు టీచర్లతో కలిసి రూము తీసుకుంది. అక్కడి నుంచి బస్సు. ఆగస్టు 15, 2025 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు టికెట్ లేదు, సంతోషమే, కానీ ఆ బస్సు ఊరి క్రాసుకు వచ్చేది తొమ్మిదిన్నరకు, బడి మొదలయ్యేది తొమ్మిదికి. యాప్‌లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి కదా, యాప్‌కు బస్సు సంగతి తెలీదు. షేర్ ఆటోలో క్రాసు దాకా, ఆపైన ఎవరైనా బండిమీద ఎక్కించుకుంటే సరి, లేకపోతే నడక. మొదటి జీతం రావడానికి పెన్షన్ ఖాతాకు ప్రాన్ నంబరనీ, జీతం బిల్లుకు సీఎఫ్‌ఎంఎస్ ఐడీ అనీ టైం పట్టింది, అంతదాకా ఆటో ఖర్చు వాళ్ల నాన్న ఫోన్‌పే చేశాడు. ఉద్యోగం వచ్చిన కూతురికి ఆటో డ్రైవరు ఆటో ఛార్జీలు పంపడం నా అంత వయసొచ్చినా ఎక్కడా చూడలేదు.

ఇప్పుడు పేపర్ గ్లాసు. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు నాకు అటువైపు పనుండి, ఎలాగూ వచ్చాను కదా అని ఆ బడికి పోయాను. పదకొండుకు ఊళ్లో ఒకరింటి నుంచి ఫ్లాస్కులో టీ వచ్చింది. తెచ్చినాయన మంచి మనిషే, బడికి ఏ పని పడినా ముందుంటాడట. సంచిలోంచి రెండు స్టీల్ గ్లాసులు తీసి ఒకటి పెద్దసారుకు, ఒకటి నాకు పోశాడు. ఆ అమ్మాయికి మాత్రం జేబులోంచి పేపర్ గ్లాసు తీశాడు. "మేడమ్‌కు ఇదైతే నీట్‌గా ఉంటుంది" అన్నాడు నవ్వుతూ. నేను తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషిని, నా ఇంటిపేరు ఆయనకు తెలీదు. తెలిసుంటే ఆయన జేబులో ఇంకో పేపర్ గ్లాసు ఉండేదనుకుంటాను. నేను స్టీల్ గ్లాసు కింద పెట్టి, నాకూ పేపర్ గ్లాసే ఇవ్వు నాయనా అన్నాను. ఆయన నన్నూ అమ్మాయినీ మార్చిమార్చి చూశాడు. పెద్దసారు రిజిస్టరులోంచి తల ఎత్తలేదు.

తిరిగొచ్చేటప్పుడు క్రాసు దగ్గర ఆ అమ్మాయిని అడిగాను, ఎప్పటి నుంచి ఇలా అని. "చేరినప్పటి నుంచీ సార్, మొదట్లో నిజంగానే నీట్‌నెస్ అనుకున్నా" అంది. ఇప్పుడు బ్యాగులో తనే ఒక స్టీల్ గ్లాసు పెట్టుకొని పోతోంది. మనం ఏటా జనవరి 3న సావిత్రిబాయి ఫూలే ఫొటోకు దండ వేసి, దారిలో పేడ విసిరితే మార్చుకోవడానికి ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకొని పోయేదని పిలకాయలకు చెప్తాం. పుణెలో ఆమె బడి 1848లో మొదలైంది. ఇంత కాలానికి సంచిలో చీర పోయి గ్లాసు వచ్చింది.

ఇది ఒక్క అమ్మాయి కథ అయితే ఫోన్లో ధైర్యం చెప్పి ఊరుకునేవాణ్ణి. మొన్నటి డీఎస్సీలో రాష్ట్రం మొత్తానికి 16,347 పోస్టులు, ఒక్క ఉమ్మడి చిత్తూరు జిల్లాకే 1,473. ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం లెక్కన చూసుకుంటే మన దగ్గరే సుమారు మూడు వందల మంది. 2018 తర్వాత ఏడేళ్లకు పడిన డీఎస్సీ అది, కాబట్టి వీళ్లంతా వయసు మీదపడుతుంటే కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగి తిరిగి వచ్చినవాళ్లే. సగం మంది ఇళ్లల్లో ఇదే మొదటి గవర్నమెంటు ఉద్యోగం. అప్పాయింట్‌మెంట్ ఆర్డర్లిచ్చారు, దసరా తర్వాత వారం రోజులు ట్రైనింగిచ్చారు, బడికి పంపారు. అంతే. ఆ తర్వాత వాళ్లు ఎలా ఉన్నారో అడిగే నాథుడు లేడు. యాప్‌లో ఫొటో పెట్టలేదేమని అడిగేవాళ్లు మాత్రం ముగ్గురు నలుగురున్నారు.

పైగా కొత్తవాళ్లకు దొరికేది ఎప్పుడూ సీనియర్లు వద్దనుకున్న ఊళ్లే. ట్రాన్స్‌ఫర్ల వెబ్ కౌన్సెలింగ్‌లో సర్వీసు పాయింట్లు ఎక్కువున్నవాళ్లు రోడ్డు పక్కవి తీసుకుంటారు, సరైన రోడ్డు లేని కేటగిరీ 4 ఊళ్లు మిగిలిపోతాయి. సీనియర్లను తప్పుపట్టను, నేనూ పాయింట్లు లెక్కేసుకొని తిరుపతికి దగ్గర చేరినవాణ్ణే. కానీ జరిగేదేంటి? కష్టమైన బడి, ఒకే గదిలో రెండు మూడు క్లాసులు, చేతిలో అనుభవం లేని టీచరు. రెండేళ్లకో మూడేళ్లకో పని అర్థమయ్యేసరికి పాయింట్లొస్తాయి, వెళ్లిపోతారు, మళ్లీ ఇంకో కొత్త ముఖం. ఆ ఊరి పిలకాయల వంతుకు ఎప్పుడూ నేర్చుకుంటున్న టీచరే వస్తుంది, నేర్చుకున్న టీచరు రాదు.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. ఈ సంగతి చెప్తే, ఇక్కడా ఇదే గొడవ నాన్నా అని కొన్ని వ్యాసాలు పంపింది. నా ఇంగ్లీషుతో కూడబలుక్కొని చదివాను. అక్కడ 1954లో నల్ల పిల్లలకు వేరే బడులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది, మంచిదే, కానీ బడులు కలిపే పేరుతో దక్షిణాది రాష్ట్రాల్లో వేలాది మంది నల్ల టీచర్లను ఇంటికి పంపేశారు. పిల్లలు కలిశారు, టీచర్లు పోయారు. ఇప్పుడు మళ్లీ వాళ్లను చేర్చుకోవాలని దశాబ్దాలుగా తంటాలు పడుతున్నారు. ఎందుకంటే టెన్నెసీ రాష్ట్రంలో 1980ల్లో చదివిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి చూస్తే, చిన్న క్లాసుల్లో ఒక్క నల్ల టీచరైనా దొరికిన నల్ల పిల్లలు, అసలు దొరకనివాళ్లకంటే హైస్కూలు పూర్తిచేసే అవకాశం 13 శాతం, కాలేజీలో చేరే అవకాశం 19 శాతం ఎక్కువని తేలింది. ఒక్క టీచరు, ఒక్క ఏడాది!

నన్ను ఆపేసింది ఇంకో మాట. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో రిచర్డ్ ఇంగర్‌సాల్ అనే ప్రొఫెసర్ ఇదే పని మీద ఉన్నాడు. తెల్లవాళ్లు కాని టీచర్లను చేర్చుకోవడంలో అమెరికా బాగానే నెగ్గిందట, కానీ వచ్చినవాళ్లు వచ్చినట్టే పోతున్నారట. పేద పిల్లలతో వేగలేక పోతున్నారనుకుంటాం కదా, కాదు. బడికి సంబంధించిన నిర్ణయాల్లో తమ మాటకు విలువ లేకపోవడం, తమ క్లాసులో తమకు స్వేచ్ఛ లేకపోవడం, ముఖ్యంగా ఇవీ వాళ్లను పంపించేస్తున్నాయి, జీతం కూడా వీటి తర్వాతే. అక్కడి నల్ల టీచర్లకు ఇంకో తలనొప్పి కూడా ఉంది. అల్లరి చేసే నల్ల పిల్లాడెవరున్నా వాణ్ణి వీళ్ల గదికే పంపుతారు, మీ మాటైతే వింటాడు అని. జీతం లేని అదనపు డ్యూటీ.

అది చదువుతుంటే నాకు తూర్పు మండలాల్లో పనిచేస్తున్న ఇంకో కుర్రాడు గుర్తొచ్చాడు. యానాది పిల్లాడు, ఎస్టీ. మా స్కూలు కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బళ్లన్నీ కలిపి ఒక కాంప్లెక్స్) ఒకప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు, వాళ్ల అమ్మానాన్నలు మామిడితోటల్లో కాపలా ఉండేవాళ్లు, తోట మారితే బడి మారేది. వాడు సారయ్యాడంటే నా కొడుకు అయినదానికంటే ఎక్కువ సంబరపడ్డాను. వాడి బడిలో సగం మంది యానాది కాలనీ పిలకాయలే. వాడొచ్చాక అటెండెన్స్ పెరిగింది, నేనే రిజిస్టరు తిరగేసి చూశాను. పొద్దున్నే కాలనీలోకి పోయి పేరుపేరునా లేపుకొస్తాడు. సరే, ఇది తెలిసిన దగ్గర నుంచి ఏమయింది? ఏ పిల్లాడికి ఆధార్ లేకపోయినా, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేకపోయినా, విద్యార్థి నంబరు అపార్ ఐడీ రాకపోయినా, తల్లికి వందనం డబ్బు పడకపోయినా "నువ్వు పో నాయనా, మీవాళ్లే కదా" అంటారు. వాడి బడి పిల్లలు మాత్రమే కాదు, చుట్టుపక్కల మూడు బడుల యానాది పిల్లల కాగితాలు వాడి బ్యాగులో ఉన్నాయి. గ్రామ సచివాలయం చుట్టూ తిరుగుతుంటే వాడి క్లాసుకు పక్క సారు తాళం వేయకుండా చూస్తున్నాడు, అంతవరకే. వద్దనలేడు. వద్దంటే ఆ పిల్లలకు నష్టం, ఆ సంగతి వాడికంటే బాగా ఎవరికి తెలుసు. ఆ మెత్తదనాన్నే మనవాళ్లు వాడుకుంటున్నారు.

మీటింగుల్లో వాడు నోరు విప్పితే మాత్రం "కొత్తగా వచ్చావు, చూసి నేర్చుకో" అంటారు. సర్టిఫికెట్లకు సీనియరు, సలహాలకు జూనియరు.

నేను చేరిన రోజుల్లో మమ్మల్ని స్పెషల్ టీచర్లనేవాళ్లు, నెలకు 398 రూపాయలు. ఆ అంకె చెప్తే మా తరం వాళ్లంతా నవ్వుతారు, ఇప్పటికీ "398 బ్యాచ్" అనే పిలుచుకుంటాం. నాకు కూడా ఇల్లు దొరకలేదు. ఆరు నెలలు బడిలోనే పడుకున్నాను, రెండు బెంచీలు కలిపి. నన్ను నిలబెట్టింది డిపార్ట్‌మెంటు కాదు, పక్క ఊరి బడిలో ఉన్న ఒక పెద్దసారు. మా కులం కాదు, బలిజలు. శనివారం సాయంత్రం సైకిల్ మీద వచ్చి, నన్ను వెనక ఎక్కించుకొని ఇంటికి తీసుకుపోయి, సంగటీ ఊరిబిండీ పెట్టేవాడు, వాళ్ల కంచంలోనే, వాళ్ల నడవలోనే. తిన్నాక ఆ వారం నేను ఏ పాఠం చెప్పానో అడిగేవాడు. నేను చేసిన తప్పులు ఆయన ఎంఈఓకి (మండల విద్యాధికారికి) చెప్పలేదు, నాకే చెప్పాడు. ఒకసారి మూడో తరగతి తీసివేతలు చెప్పలేక ఏడ్చినంత పని చేస్తే, చింతపిక్కలు పోసి పదేసి కుప్పలు పెట్టి, ఒక కుప్ప విప్పితే కదా అప్పు తీరేది అని చూపించాడు. తర్వాత ముప్పై ఏళ్లూ నేను తీసివేతలు అలాగే చెప్పాను.

అందుకని నేను అడిగేదంతా ఆ సైకిల్ సారులాంటి మనిషిని ప్రతి కొత్త టీచరుకూ ఇమ్మనే. అదృష్టముంటే దొరకడం కాదు, ఆర్డర్ మీద దొరకాలి. ఇప్పుడు బడి బడికీ తిరిగే సీఆర్‌ఎమ్‌టీలున్నారు, ఎంఈఓలు ఇద్దరిద్దరున్నారు, కాంప్లెక్స్ మీటింగులున్నాయి, నిజమే, కానీ వచ్చినవాళ్లంతా చూడ్డానికి వచ్చేవాళ్లే, ఫొటో తీసుకొని పోయేవాళ్లే. తన మీద రిపోర్టు రాసే మనిషి ముందు ఏ కొత్త టీచరూ "నాకిది రావట్లేదు" అనదు. అందులోనూ "రిజర్వేషన్లో వచ్చినవాళ్లు" అనే మాట చెవిన పడుతూ ఉన్న అమ్మాయి అసలే అనదు. రాకపోయినా వచ్చినట్టే ఉంటుంది, రాత్రి యూట్యూబ్ చూసి నేర్చుకుంటుంది. రిపోర్టు రాయని, ఆమె కూర్చున్న బెంచీలోనే కూర్చునే, నెలకు రెండుసార్లు వచ్చి పూట మొత్తం ఉండే మనిషి కావాలి. వీలైనచోట అలాంటి దారిలోనే నడిచొచ్చిన ఎస్సీ, ఎస్టీ సీనియర్లయితే ఇంకా మంచిది, పేపర్ గ్లాసు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇల్లు సంగతి ఎంఈఓ గారు చూసుకోవచ్చు. జీఓ అక్కర్లేదు. కొత్త మేడమ్‌ను వెంటబెట్టుకొని పోయి, సర్పంచ్‌ను పక్కన నిలబెట్టుకొని, మా టీచరమ్మకు ఇల్లు కావాలి అని అడిగితే బెంగుళూరు కొడుకులు అంత తొందరగా తిరిగిరారు. కాదంటే కస్తూర్బా విద్యాలయాల్లో, గురుకులాల్లో ఒక గది ఖాళీ ఉంటే ఏడాది పాటు ఇవ్వండి.

రెండు మూడు క్లాసులు ఒకే గదిలో ఎలా చెప్పాలో డైట్‌లో పుస్తకంలో చదువుకుంటారు, చేత్తో చెయ్యరు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు, 2022లో జిల్లాలు విడిపోయేదాకా మన జిల్లానే, ఈ పనిని ఎప్పుడో తేల్చేశారు. చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి, పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద నిచ్చెనలా మెట్లు గీసి, ఏ పిల్లాడు ఏ మెట్టు మీదున్నాడో వాడే చూసుకొని తన కార్డు తీసుకునేట్టు చేశారు. చెన్నై కార్పొరేషన్ వాళ్లు ఇక్కడికొచ్చి నేర్చుకుపోయి తమ బడుల్లో పెట్టుకున్నారు, తర్వాత తమిళనాడంతా పాకింది. మనం మాత్రం పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు ఉన్నాం. కొత్తవాళ్లను, ముఖ్యంగా ఒకరిద్దరు టీచర్ల బళ్లకు పోయేవాళ్లను, పది రోజులు అక్కడ కూర్చోబెడితే చాలు. భాష కూడా చూడాలి. కుప్పం వైపు, సత్యవేడు వైపు పిల్లలు ఇంట్లో తమిళం మాట్లాడతారు, తండాల్లో లంబాడీ. తిరుపతిలో పెరిగిన పిల్ల అక్కడ ఒకటో తరగతిలో నిలబడితే మొదటి నెల ఎవరు ఎవరికి పాఠం చెప్తున్నారో తెలీదు.

టీచర్లందరికీ కష్టాలుంటాయి, ఇందులో కులమెందుకు తెస్తావు అని మా రిటైర్డ్ మిత్రులే అన్నారు, పార్కులో. యాప్ అందరికీ ఒకటే, బస్సు అందరికీ ఒకటే, ఒప్పుకుంటాను. ఇంటిపేరు అడిగేదాకా ఇల్లు కూడా అందరికీ ఒకటే. కులం నేను తేలేదు సార్, నేను పోయేసరికే అక్కడుంది, సంచిలో రెండు స్టీల్ గ్లాసులుగా.

ఇంకోమాట, ఆ టీ తెచ్చినాయన మీద నాకు కోపం లేదు. మొన్న ఫోన్ చేస్తే అమ్మాయి చెప్పింది, ఆయన మనవడు రెండో తరగతి, సెలవురోజు కూడా మేడమ్ రాలేదేమని ఏడుస్తున్నాడట. ఆయనే క్రాసు దాకా బండి మీద దింపుతానన్నాడట. గ్లాసు సంగతి అడిగాను. "నాది నేనే తెచ్చుకుంటున్నా కదా సార్, ఆయనకు ఇబ్బంది లేదు" అంది.

జిల్లా విద్యాశాఖ వాళ్లు ఈ ఉత్తరం చూస్తే ఒక మాట. తిరుపతిలో, చిత్తూరులో నాలాంటి రిటైర్డ్ టీచర్లు వందల్లో ఉన్నాం. సగం మందిమి పొద్దున వాకింగ్, సాయంత్రం టీవీ. ఒక కాగితం మీద పిలిస్తే ఒక్కొక్కరం ఇద్దరు కొత్తవాళ్లను చూసుకుంటాం, గౌరవ వేతనాలూ శాలువాలూ ఏమీ అక్కర్లేదు. పడమటి మండలాలకు నేనే వస్తాను. ఆర్టీసీ బస్సులో నాకు పాతిక శాతం రాయితీ కూడా ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు,
తిరుపతి